గోడ మీది మాట

చిలకలపూడి, బందరు
8-12-98

సుమతి వదినగారికి,

ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడానికి నాకు మనసు రావడం లేదు. అందుకని నేరుగా అడుగుతున్నాను. నా కూతుర్ని ఎందుకు తీసుకెళ్లారు?

నిన్న సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి మైమూనా తాళంచెవి ఇచ్చి, "మీ వదినగారొచ్చి పున్నిని గుడివాడ తీసుకెళ్లారు లక్ష్మీ. నీకు చెప్పే ఉంటారు కదా" అంది. చెప్పలేదనడానికి సిగ్గేసి తలూపాను. లోపలికి వెళ్లి చూస్తే పున్ని బట్టలు లేవు, పుస్తకాల సంచీ లేదు. దండెం మీద ఆరని లంగా ఒక్కటి మిగిలింది.

పోయిన ఆదివారం మీరు వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది. కాఫీ గ్లాసు అందిస్తుంటే నా చేతిలోంచి జారింది. "వేళ్లు అలా పాలిపోయాయేం లక్ష్మీ" అన్నారు. పొద్దున్నపూట చలికి అలా తెల్లబడతాయి వదినా, తిమ్మిరెక్కి సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాను అని చెప్పుకున్నాను. సొంత మనిషి కదా, చెయ్యి పట్టుకుని చూస్తారనుకున్నాను. మీరు చాప మీద కాస్త వెనక్కి జరిగారు. ఎండ పడుతోందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. మీరు వెళ్లాక చూస్తే రెండోసారి ఇచ్చిన కాఫీ అలాగే ఉంది.

ఆయన సముద్రం మీదికి చేపల వేటకెళ్లి తిరిగి రాని నాటి నుంచి నాకున్నది అదొక్కతే. మీ తమ్ముడు కాంతారావు గారి రోల్డుగోల్డు షెడ్డులో పాలిషు పని మీరే ఇప్పించారు, కాదనను. వరసకి ఆయన నాకు బావ, అక్కడ మాత్రం ఓనరుగారు. ఇన్నేళ్లుగా ఆ పాలిషు చక్రం ముందు కూర్చుని గాజులు మెరిపించి నా కూతురికి నేనే అన్నం పెట్టుకుంటున్నాను. పని ఇప్పించినవాళ్లకి పిల్ల మీద కూడా హక్కొస్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం లోపల తెచ్చి దింపండి. అన్నయ్యకి బస్సు డ్యూటీ ఉందంటే నేనే వస్తాను.

లక్ష్మి

*

గుడివాడ
12-12-98

లక్ష్మికి సుమతి వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య కంచం ముందు నుంచి లేచి డ్యూటీకి వెళ్లిపోయారు. ఆయన మనసు ఎంత కష్టపెట్టావో నీకు తెలియదు.

పున్ని హాయిగా ఉంది. నిన్న పప్పుచారు రెండుసార్లు వేయించుకుంది. మా వీధి చివర బడిలో మాట్లాడాను, రెండో తరగతిలో కూర్చోబెట్టుకుంటామన్నారు. మా పిల్లల మధ్య అదీ ఒక పిల్ల, నాకేమీ బరువు కాదు.

చెప్పకుండా తీసుకొచ్చానని నీకు కోపం. చెబితే పంపేదానివా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. వేళ్లకి స్పర్శ తెలియడం లేదని నీ నోటితో నువ్వే అన్నావు. వేళ్లు తెల్లబడటం నా కళ్లతో నేను చూశాను. ఆ జబ్బు పేరు కాగితం మీద పెట్టడం నాకిష్టం లేదు. ఇదివరకటి రోజులు కావు, దానికి మందులున్నాయి, ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. వాడుకో, నయమైపోతుంది. కానీ పసిది నీ పక్కలో పడుకుంటుంది, నీ చేతి ముద్ద తింటుంది. దానికేదైనా అయితే రేపు నన్నే అంటావు.

కాంతారావు కూడా చాలా బాధపడ్డాడు. "నయమయ్యాక రమ్మనక్కా, పనెక్కడికీ పోదు" అన్నాడు. అంత మంచి మాట ఏ ఓనరు అంటాడు చెప్పు. కోపం తగ్గించుకుని ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు.

నీ మేలు కోరే
వదిన

*

బందరు
18-12-98

వదినా,

ఇన్నాళ్లూ మిమ్మల్ని మీరు అన్నాను. ఇక నా వల్ల కాదు.

స్పర్శ అన్నానా నేను? బుద్ధెరిగాక ఆ మాట నా నోట రాలేదు. అమ్మ అనదు, నువ్వూ అనవు. పొయ్యి మీంచి గిన్నె దించుతూ చెయ్యి కాల్చుకుంటే స్పర్శ తెలిసిందంటామా? మన ఇళ్లలో లేని మాట అది. అది ఉన్నది గోడల మీద. మా సందు మొదట్లో ఐసు ఫ్యాక్టరీ గోడకి ఈ చివర నుంచి ఆ చివరికి నీలం రంగుతో రాయించారు, స్పర్శ లేని మచ్చ ఉంటే వెంటనే చూపించుకోండి అని. మీ గుడివాడ బస్టాండు గోడ మీద కూడా ఉండే ఉంటుంది. నేను తిమ్మిరి అన్నాను. నువ్వు బస్సు దిగేలోగా అది స్పర్శ అయింది. స్పర్శ అయ్యాక ఇంకేముంది, పెద్దరోగం అయి కూర్చుంది.

ఆ గోడ మీద మచ్చ అని కూడా రాసుంది. నా ఒంటి మీద మచ్చ చూశావా? చూడాలంటే దగ్గరికి రావాలి కదా.

ఏ వేళ్లకి తిమ్మిరో అడగలేదు నువ్వు. నేనే చెప్తాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. గాజుని గుడ్డచక్రానికి ఆనించి బిగించి పట్టేది ఆ మూడు వేళ్లతోనే. చక్రం తిరుగుతుంటే గాజు అదురుతుంది, గాజుతో పాటు వేళ్లు అదురుతాయి, సాయంత్రం ఇంటికొచ్చి పడుకున్నా చేతిలో ఆ మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఇదివరకు గాజు అంచున గరుకుంటే వేలితో ఒకసారి రాస్తే తెలిసిపోయేది. ఇప్పుడు చీర కొంగు దానికి పట్టి దారం లేస్తుందేమో చూస్తున్నాను. చిటికెనవేలికి పనీ లేదు, తిమ్మిరీ లేదు. ఏ వేలు కూలికెళ్తుందో ఏ వేలు ఊరికే కూర్చుంటుందో చూసి పట్టుకునే రోగం ఎక్కడైనా ఉందా?

సోమవారం షెడ్డుకెళ్తే కాంతారావు గుమ్మంలోనే ఆపేశాడు. అందరూ వింటుండగా, "మా అక్క అంతా చెప్పింది లక్ష్మీ. నీ పక్కన కూర్చునేవాళ్లకీ పిల్లలున్నారు. నువ్వెళ్లి చూపించుకో" అన్నాడు. నేను కూర్చునే స్టూలు పెరట్లో పడేసి ఉంది. రోజూ నా డబ్బాలో కూర వేయించుకుని తినే ఆడవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. సాయంత్రానికి మా ఇంటి యజమానురాలికి తెలిసింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది. మైమూనా ఒక్కత్తే వచ్చి నా చేతి టీ తాగి వెళ్లింది.

మా అక్క చెప్పింది అని అతనంటాడు. కాంతారావు బాధపడ్డాడు అని నువ్వంటావు. ఈ రోగం ముందు ఎవరికి కనిపించింది, నీకా, మీ తమ్ముడికా?

పిల్లని తీసుకురా. నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. నువ్వు చెప్పినందుకు కాదు, నీ నోరు మూయించడానికి.

లక్ష్మి

*

గుడివాడ
2-1-99

లక్ష్మికి,

నువ్వెంత దురుసుగా రాసినా నేను అలా రాయలేను. నాకు ఆ పెంపకం లేదు.

గుడివాడ రావద్దు. మీ అన్నయ్య కూడా ఇదే చెప్పమన్నారు. ఎలా పాకిందో గాని మా వీధిలో కూడా చెవులు కొరుక్కుంటున్నారు. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడితే రేపు బడిలో పున్ని పక్కన ఎవరూ కూర్చోరు. పిల్ల మీద ప్రేముంటే ఆ మాత్రం ఆలోచించు.

మొదట్లో అమ్మ కావాలని ఏడ్చింది. ఇప్పుడు అడగడం లేదు. అలవాటు పడింది.

ఇక కాంతారావు సంగతి. వాణ్ణి ఇందులోకి లాగకు. మా నాన్న ఎండుచేపల బుట్టలు మోసి మమ్మల్ని పెంచాడు. వాడు ఆ షెడ్డు పెట్టి ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు. తప్పు మిషను మీద పెడితే అక్కడ పని చేసే ఆడవాళ్లందరి నోట్లో మట్టి కొట్టినదానివవుతావు.

సుమతి

*

నాగాయలంక
20-2-99

వదినా,

పై ఊరు పేరు చూశావుగా. బందరులో ఇల్లు పోయింది, అమ్మ దగ్గరికి వచ్చి పడ్డాను. అమ్మ ఎందుకొచ్చావని అడగలేదు. కంచం పెట్టింది, తనూ నా పక్కనే కూర్చుని అదే గిన్నెలోంచి వడ్డించుకుని తింది.

ఆస్పత్రి సంగతి చెప్తాను, జాగ్రత్తగా చదువు. బందరు పెద్దాస్పత్రిలో ఆ జబ్బు చూసే డాక్టరు దగ్గరే కూర్చున్నాను. ఒళ్లంతా వెతికారు. మోచేతి దగ్గర నరం నొక్కి చూశారు. చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి అద్దం పలక మీద పూసి చూశారు. నన్ను కళ్లు మూసుకోమని దూది పింజతో తాకుతూ ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. ఒళ్లంతా చెప్పాను. ఆ మూడు వేళ్ల చివర్ల దగ్గర మాత్రం ఆయన తాకుతున్నాడో లేదో తెలియలేదు. మళ్లీ పిలిపించి, "ఇది కుష్టు కాదమ్మా. ఏం పని చేస్తావు" అని అడిగారు. ఇన్ని నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

అక్కణ్నుంచి విజయవాడ పంపారు. అక్కడ వేళ్లకి ఉంగరాల్లా తీగలు తొడిగి సన్నగా కరెంటు పెట్టి చూశారు. ఆ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "చేతికి పని చెప్పే నరాలు బాగానే ఉన్నాయి. వేళ్ల నుంచి పైకి కబురు మోసే నరాలే దెబ్బతిన్నాయి. కబురు నీరసంగా వస్తోంది, ఆలస్యంగా వస్తోంది. రోజంతా ఆ అదురుని పట్టుకుని కూర్చుంటే ఇలాగే అవుతుంది. మానేస్తే కొంత తిరిగొస్తుంది. మొత్తం వస్తుందని నేను చెప్పలేను." వేళ్లు తెల్లబడేది కూడా దాని వల్లేనట, రక్తం సరిగా అందక.

ఇంతవరకే అయితే నీకు తెలియక చేశావని సరిపెట్టుకునేదాన్ని. బందరు ఆస్పత్రి వరండాలో నాకు కృపమ్మ కనిపించింది. గుర్తొచ్చిందా? నాకంటే ముందు ఆ చక్రం దగ్గర కూర్చున్నది ఆవిడే. నా వేళ్లు చూడగానే, "నీకూ పట్టుకుందా అమ్మాయ్. అదే స్టూలా?" అంది. ఆవిడని కూడా కాంతారావు పెద్దరోగమనే పంపేశాడట. "గుడివాడలో వాళ్లక్కగారింటికెళ్లి చెప్పుకున్నానమ్మా. అంతా వింది, అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపేసింది" అంది.

ఆ తర్వాత నెలలోనే నువ్వు నాగాయలంక వచ్చి, మా తమ్ముడి దగ్గర పని ఖాళీ ఉంది, నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు అని నన్ను తీసుకెళ్లావు. ఆవిడ లేచిన స్టూలు మీదే నన్ను కూర్చోబెట్టావు. ఆ ఖాళీ ఎలా వచ్చిందో నాకు చెప్పలేదేం? కృపమ్మకి ఏ గ్లాసులో ఇచ్చావు వదినా మజ్జిగ? ఆ గ్లాసు ఉంచావా, పారేశావా? నాకోసం దాచి ఉంటావు.

నీకు ఏ డాక్టరు మాటా అక్కర్లేదు. మీ తమ్ముడి షెడ్డుకెళ్లి నా స్టూలు మీద ఒక్క పూట కూర్చో. టీకి వదిలే దాకా గాజు పట్టుకో. అప్పుడు నీ చెవి దిద్దు తీసి, అద్దం చూడకుండా మళ్లీ శీల బిగించుకో. బిగించుకోగలిగితే పున్నిని నువ్వే పెంచు, నేను నోరెత్తను.

లక్ష్మి

*

గుడివాడ
19-3-99

లక్ష్మికి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మజ్జిగ మాట మాత్రం కాలలేదు. నిలబడ్డా కూర్చున్నా అదే. ఇంత మంటెక్కే మాటలు నీకు ఎవరు నేర్పారో తెలియదు.

బందరు వెళ్లాను. నువ్వు అబద్ధమని తేల్చి రావాలనే వెళ్లాను, దాచను. కాంతారావు నవ్వాడు. "సరదాగా ఉందేమిటక్కా" అని స్టూలు తెప్పించి వేశాడు. పెద్ద మోటారు కదా, బల్లంతా అదురుతోంది, దాని మీద మోచెయ్యి ఆనిస్తే పళ్లు కూడా కటకటలాడుతున్నాయి. గాజు వదులుగా పట్టుకుంటే ఎగిరిపోతుంది, కాబట్టి బిగించి పట్టాలి. కాసేపటికి చీమలు పాకాయి. ఆ తర్వాత చీమలు కూడా పోయాయి. టీకి వదిలారు. నేను దిద్దు తీశాను.

శీల నా వేళ్ల మధ్య ఉందో లేదో తెలియలేదు లక్ష్మీ. ఉందనుకుని తిప్పుతున్నాను, అప్పటికే అది కింద పడిపోయింది. మళ్లీ తీశాను, మళ్లీ పడింది. పక్కన కూర్చున్న ఆవిడ వచ్చి పెట్టింది. ఆవిడ కూడా తడిమి పెట్టలేదు, తల వంచి చెవిలోకి తొంగి చూస్తూ పెట్టింది. ఆవిడ వేళ్ల కొసలు చూశాను. నిన్ను చూసినట్టే ఉంది.

కాంతారావుతో, ఇదేమిట్రా అన్నాను. "అలవాటు లేక అలా ఉందక్కా, కాసేపట్లో పోతుంది" అన్నాడు. నాకు పోయింది, నిజమే, ఇంటికొచ్చేసరికి పోయింది. వీళ్లకి పోవడం లేదు కదరా అన్నాను. వాడు నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించి, "మిషను అంటే రేపటి నుంచి ఎవరూ పనికి రారు. రోగం అంటే ఒక్కళ్లే పోతారు. నీకు చెప్పింది అందుకే కదా, ఆడవాళ్ల మాటైతే నమ్ముతారని" అన్నాడు.

నా సొంత తమ్ముడు. వాడు నాతో ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ఉప్పు అయిపోయింది తెప్పించు అన్నట్టు అన్నాడు. నన్ను పావుగా వాడుకున్నాడు. నాకు వాడి మీద ఎంత కోపముందో నీ మీదా అంతే ఉంది, ఎందుకంటే నువ్వు రాయకపోతే నాకిది తెలిసేది కాదు, నేను సుఖంగా ఉండేదాన్ని. షెడ్డు మధ్యలోకి వచ్చి, ఇది రోగం కాదు, ఈ చక్రమే అని గట్టిగా చెప్పాను. వాడు మోటారు ఆపేశాడు. ఎవరూ కదల్లేదు. ఒకావిడ మాత్రం, "తెలుసమ్మా" అంది. అంతే. నేను వచ్చేటప్పటికి మళ్లీ మోటారు వేశారు, అందరూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక మీ అన్నయ్యని కూడా వదల్లేదు, సొంత చెల్లెలికి ఒక ముక్క చెప్పలేని నోరు ప్రయాణికుల మీద ఎలా లేస్తుందని అడిగాను.

కృపమ్మ చెప్పినప్పుడు నేను తమ్ముణ్ణి నమ్మాను. నమ్మితే నాకు తేలిక. క్షమించమని అడగను, అడిగితే దానికి కూడా నువ్వొక ఉత్తరం రాస్తావు.

శనివారం మీ అన్నయ్య పున్నిని తీసుకొస్తారు. ఒక సంగతి ఉంది. ఇక్కడున్నప్పుడు దానికి నేను కొన్ని జాగ్రత్తలు చెప్పాను. బాగా నేర్చుకుంది. నువ్వే చూస్తావు.

సుమతి

*

నాగాయలంక
11-4-99

వదినా,

పున్ని వచ్చింది. నువ్వు చెప్పిన జాగ్రత్తలు కూడా దాంతో పాటే వచ్చాయి.

అవనిగడ్డ బస్సు దిగి నన్ను చూసి నవ్వింది. చెయ్యి చాపాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అన్నయ్య తల దించుకుని సంచీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అన్నం కలిపి ముద్ద పెట్టబోతే, "అమ్మమ్మ పెడుతుంది" అంది. నేను ముట్టుకున్న గ్లాసు చెంబు నీళ్లతో కడిగి తాగింది. ఎందుకే అంటే, "అమ్మ చెయ్యి ముట్టుకుంటే నా వేళ్లు కూడా రాలిపోతాయని అత్త చెప్పింది" అంది. ఏడేళ్ల పిల్ల. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది, నా మీద కోపంగా కూడా కాదు.

నా వేళ్లు పోయినందుకు మీ తమ్ముణ్ణి తిట్టుకున్నాను. దీనికి ఏ మిషనుని తిట్టను? షెడ్డు మధ్యలో నిలబడి చెప్పి వచ్చానని రాశావు. మంచిదే. మా ఇంటి మధ్యలో నిలబడి దీనికి ఎవరు చెప్పాలి? నేను చెప్తే రోగం ఉన్నవాళ్లు అలాగే అంటారని కూడా నేర్పి పంపావు.

పని సంగతి అడుగుతావేమో. రొయ్యల షెడ్డులో కూర్చుందామంటే ఐసు ముట్టుకోగానే వేళ్లు సున్నం రంగుకి తిరుగుతున్నాయి. అమ్మతో పాటు చేపలు అమ్మడానికి వెళ్తున్నాను. తూకం వెయ్యగలను. చిల్లర మాత్రం కళ్లతో చూసి ఇస్తాను, తడిమి ఇవ్వలేను. పోయిన వారం పున్నికి జ్వరంతో ఒళ్లు కాలింది. నుదుటి మీద చెయ్యి పెడితే నాకు ఏమీ తెలియలేదు. అది నిద్రపోతోంది కాబట్టి చెంప ఆనించి చూసుకున్నాను.

నిన్న అమ్మా నేనూ దాన్ని తీసుకుని రేవు దాటుతున్నాం. పడవకి వేసిన బల్ల సన్నగా ఉంది, కింద నీళ్లు. అమ్మ వెనకాల వస్తోంది. నేను చేపల బుట్ట ఎడమచంకన పెట్టుకుని, ముందుకి చూసుకుంటూ నడుస్తున్నాను, పిల్ల అమ్మ కొంగు పట్టుకుని ఉంటుందిలే అని. వెనక నుంచి అమ్మ, "ఒసే, గట్టిగా పట్టుకోవే, పిల్ల నీ చెయ్యి పట్టుకుంది" అని కేకేసింది.

కిందికి చూశాను. పున్ని చెయ్యి నా కుడిచేతిలో ఉంది. ఆ మూడు వేళ్లనే బిగించి పట్టుకుంది, గోళ్ల దగ్గర తన వేళ్లు ఎర్రబడేంత గట్టిగా. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. ఇన్ని నెలలు దేనికోసం నీతో కొట్లాడానో అది నా చేతిలోకి వచ్చింది, వేరేవాళ్లు చెప్తే తెలిసింది.

ఈ ఒక్క ముక్క తీసుకెళ్లి మీ తమ్ముడి షెడ్డు గుమ్మంలో నిలబడి, మోటారు ఆపించి, అందరూ వినేలా చదువు. నన్ను ఆపిన గుమ్మంలోనే చదువు.

లక్ష్మి